గిరిజన కాలనీ భూముల్లో కాలుష్యం: ఎంతవరకు పరీక్షించాలి, ఏ పద్ధతిలో శుద్ధి చేయాలి

నెల్లూరు తీర మండలాల్లో సాగు ఆగిపోయిన రొయ్యల గుంటలు, ముత్తుకూరు వైపు థర్మల్ కేంద్రాల బూడిద చేరిన పల్లపు నేలలు, సైదాపురం పరిసరాల్లోని పాత అభ్రకం గనుల్లో తవ్వి పోసిన మట్టి దిబ్బలు, ప్రకాశంలో చీమకుర్తి గ్రానైట్ పరిశ్రమ వదిలే రాతిపొడి గుట్టలు, ఊరి చివర చెత్త పోసిన పోరంబోకులు: ఇళ్ల స్థలాలకో, సామూహిక సాగుకో, అంగన్‌వాడీకో ఎస్టీ కుటుంబాలకు భూమి చూపించే సమయంలో తరచుగా ఇటువంటి నేలలే ముందుకు వస్తాయి, ఎందుకంటే మంచి భూమికి అప్పటికే అడిగేవారు ఉంటారు. అటువంటి భూమి ముందుకు వచ్చినప్పుడు కాలనీ సంఘం, పంచాయతీ, వారితో పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఏయే మార్గాలను పోల్చి చూడాలో, వాటిలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాధారణంగా చర్చ "ఎన్ని ట్రాక్టర్ల గ్రావెల్ తోలితే సరిపోతుంది" అన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. నా అభిప్రాయంలో అది చివరగా అడగవలసిన ప్రశ్న. ఆ నేల మీద రేపు ఎవరు, ఏ పని చేస్తూ, ఎంతసేపు ఉంటారన్నది ముందు తేలితే, ఏ పరీక్ష అవసరమో, ఎంత శుద్ధి సరిపోతుందో దాదాపుగా దానంతట అదే తేలుతుంది.

వాడుకను బట్టి మారే ప్రమాదం

ఒకే స్థలం ఒక వాడుకకు సురక్షితంగానూ, మరొక వాడుకకు పనికిరానిదిగానూ ఉండవచ్చు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసిన చోటును తీసుకుంటే, అక్కడ గోదాము కట్టి నేలంతా కాంక్రీటు పరిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. అదే చోట చిన్నపిల్లలు మట్టిలో ఆడుకుని, ఆ చేతులతోనే అన్నం తింటే అంతకంటే చెడ్డ స్థలం మరొకటి ఉండదు. అమెరికా పర్యావరణ సంస్థ నివాస నేలల్లో సీసానికి ఎంతోకాలం వాడిన 400 పీపీఎం (పది లక్షల వంతుల మట్టిలో 400 వంతులు) హెచ్చరిక స్థాయిని 2024 జనవరిలో 200కు తగ్గించడానికి కారణం కూడా పిల్లల మీద సీసం చూపే ప్రభావమే. ఉప్పు విషయంలో ఈ వరుస తలకిందులవుతుంది. రొయ్యల గుంట అడుగున మిగిలిన ఉప్పు అరికాలికి హాని చేయదు కనుక ఇంటి స్థలంగా దానిని బాగుచేసుకోవచ్చు, కానీ వరి పెట్టాలంటే అదే నేల మీద ఏళ్ల తరబడి శ్రమించాలి.

దీనికి తోడు యానాది తెగ కుటుంబాల జీవనంలోని ఒక ప్రత్యేకతను సర్వే చేసేవారు తరచుగా వదిలేస్తారు. కాలువల్లో, గుంటల్లో, ఉప్పుటేర్లలో పట్టుకున్న చేపలు, పీతలు ఈ కుటుంబాలకు కూలి డబ్బుతో సమానమైన ఆహార వనరు. పట్టణంలోని ప్లాటును అంచనా వేసే పద్ధతిలో మట్టిని, బోరు నీటిని మాత్రమే పరీక్షించి నివేదిక ముగిస్తే, కాలుష్యం శరీరంలోకి చేరే ముఖ్యమైన దారి ఒకటి లెక్కలోకే రాదు. పరీక్ష చేయించే సంఘం తొలి సమావేశంలోనే ఈ విషయాన్ని రాతపూర్వకంగా చేర్పించాలి.

పట్టా, చట్టం

శుద్ధి గురించి మాట్లాడే ముందు భూమి హోదా తేల్చుకోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. కనుక ఏజెన్సీలో గిరిజన భూమికి రక్షణగా నిలిచే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. ఇక్కడ ఆసరాగా ఉండేది 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, నల్లమల చెంచు గూడేల విషయంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం, వీటన్నిటి వెనుక 1989 నాటి ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం. ఈ చివరి చట్టం ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడాన్నే కాక, వారు వాడుకునే నీటి వనరును కలుషితం చేయడాన్ని కూడా నేరంగా పేర్కొంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. శుద్ధి చేసిపెడతామని ముందుకు వచ్చిన కంపెనీ గానీ, లీజుదారు గానీ అందుకు బదులుగా భూమిని ఇన్నేళ్లు తమ ఆధీనంలో ఉంచుకుంటామంటే, ఆ ప్రతిపాదన ఎంత లాభసాటిగా కనిపించినా సంతకం చేయకుండా ముందుగా ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), తహసీల్దారుకు చూపించాలి.

ఏ పరీక్ష ఎక్కడ ఆపాలి

పరీక్షలో మూడు మెట్లు ఉంటాయి. అమెరికాలో గిరిజన తెగల భూముల పునర్వినియోగానికి పాటించే పద్ధతిలోనూ ఇవే మెట్లు: మొదట చరిత్ర, పరిశీలన, అనుమానం ఉంటే నమూనాలు, కాలుష్యం నిర్ధారణ అయితే దాని విస్తీర్ణం, లోతు. ఆ దేశంలో 2002 నాటి చట్టం కింద తెగలు తమ సొంత శుద్ధి కార్యక్రమాలను నడుపుకోవడానికి నిధులు అందుతాయి. మనకు ఆ ఏర్పాటు లేకపోయినా మెట్ల వరుసను పాటించడానికి అడ్డేమీ లేదు.

మొదటి మెట్టుకు ఖర్చు దాదాపు ఉండదు, అయినా దానిని దాటవేసేవారే ఎక్కువ. పాత అడంగళ్లు, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకలు, ఉపగ్రహ చిత్రాల్లో గత సంవత్సరాల దృశ్యాలు, ఆ గుంటల మీద కాపలా ఉన్నవారి జ్ఞాపకాలు కలిపి చూస్తే భూమి మీద ఏ ఏట ఏం జరిగిందో సగానికి పైగా తెలిసిపోతుంది. బ్లీచింగ్ పౌడరు బస్తాలు ఎక్కడ పేర్చేవారు, డీజిల్ ఇంజను ఎక్కడ ఉండేది, మందు డబ్బాలు ఎక్కడ పూడ్చారు అన్నది కాపలా మనిషి చెప్పగలిగినంత కచ్చితంగా ఏ యంత్రమూ చెప్పలేదు. ఈ మెట్టులో అనుమానించదగినదేదీ కనబడకపోతే, తాగునీటి పరీక్ష ఒక్కటి చేయించి అక్కడితో ఆపివేయడం తప్పు కాదు. మిగిలిన డబ్బు మరో పనికి వస్తుంది.

రెండో మెట్టులో అతి సాధారణంగా జరిగే పొరపాటు, వ్యవసాయ శాఖ ఇచ్చే భూసార పరీక్ష కార్డును భద్రతా పత్రంగా భావించడం. ఆ కార్డులో ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మపోషకాలు కలిపి 12 అంశాలు ఉంటాయి. సీసం, ఆర్సెనిక్, క్రోమియం, పురుగుమందుల అవశేషాలు, నూనెలు వాటిలో ఉండవు. రొయ్యల గుంటను సాగుకు మార్చాలనుకుంటే ఈ కార్డు ఎంతో ఉపయోగపడుతుంది. బ్యాటరీ షెడ్డు స్థలానికి అది ఏ మాత్రమూ పనికిరాదు, అక్కడ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో భార లోహాల పరీక్ష చేయించాల్సిందే.

కార్డు పనికివచ్చే చోట కూడా ఒక జాగ్రత్త అవసరం. చౌడు భూమి అని నిర్ణయించడానికి పుస్తకాల్లో కనిపించే లవణ సాంద్రత హద్దు, మీటరుకు 4 డెసీసీమెన్స్, మట్టిని నీటితో ముద్దగా చేసి దాని నుంచి పిండిన ద్రవానికి సంబంధించినది. మన ప్రయోగశాలల్లో చాలావరకు ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తారు కనుక అంకె బాగా తక్కువగా కనిపిస్తుంది. కార్డులో 2 ఉన్నంత మాత్రాన నేల బాగున్నట్టు కాదు. ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోవాలి.

నమూనాలు ఎక్కడ తీయాలన్నది ప్రయోగశాల ఎంపిక కంటే ముఖ్యమైన విషయం. పిల్లలు తాకే మట్టి గురించి అయితే పై 15 సెంటీమీటర్లు చాలు, నీటిలోకి దిగే విషం గురించి అయితే నీటిమట్టం దాకా లోతు పరీక్ష కావాలి. పది చోట్ల మట్టిని కలిపి ఒకే నమూనాగా పంపడం ఎరువుల సిఫారసుకు సరైన పద్ధతే గానీ, ఒక మూలన గుమిగూడిన విషాన్ని అది పలుచన చేసి దాచేస్తుంది. కాలుష్యం సోకని పక్క భూమి నుంచి కూడా ఒక నమూనా తప్పక తీయించాలి. 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన దర్శి, పొదిలి వైపు ఫ్లోరోసిస్‌ను గుర్తించి ప్రకటించారు. ఆ నీటిలోని ఫ్లోరైడు అక్కడి శిలల నుంచి వచ్చినది. పక్క భూమి నమూనా లేకపోతే, ప్రకృతి సిద్ధమైన ఫ్లోరైడును ఫ్యాక్టరీ మీద మోపడమో, ఫ్యాక్టరీ వదిలిన దానిని ప్రకృతి ఖాతాలో వేయడమో జరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడుకు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, మరో వనరు లేనప్పుడు 1.5 వరకు. ఆ పైన ఉన్న చోట మట్టిని ఎంత మార్చినా ప్రయోజనం లేదు, నీటినే వేరే చోటు నుంచి తెచ్చుకోవాలి.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. మన వైపు ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మే నెలలో ఉప్పు తెల్లగా పైకి పూస్తుంది, డిసెంబరులో కిందికి కడుక్కుపోతుంది. ఒక్క కాలంలో తీసిన నమూనాతో మూడో మెట్టు పూర్తయిందని చెప్పే నివేదికను అంగీకరించకూడదు.

శుద్ధి మార్గాల పోలిక

అమెరికాలో నిధులు తీసుకున్న శుద్ధి పనులకు ముందు ప్రత్యామ్నాయాలను మూడు కొలతలతో పోల్చి రాయాలి: పని చేస్తుందా, ఇక్కడ చేయగలమా, ఎంత ఖర్చవుతుంది. "ఏమీ చేయకుండా వదిలేస్తే" అన్న మార్గాన్ని కూడా అందులో విధిగా చేర్చాలి. మన కాలనీ సమావేశంలో కూడా ఆ మార్గాన్ని పైకి చెప్పడం మంచిది, ఎందుకంటే పని ఆగిపోయిన ప్రతిచోటా చివరకు అమలయ్యేది అదే.

రొయ్యల గుంటల సంగతి విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు తీరంలో ఎక్కువగా ఎదురయ్యేది అదే. 1990ల మొదట్లో టైగర్ రొయ్యల జోరు, ఆ వెంటనే తెల్లమచ్చ వైరస్ దెబ్బ, 1996 డిసెంబరు 11న కాలుష్యం చేసినవారే నష్టం భరించాలంటూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 తర్వాత వనామీ రకం రొయ్య రాక: ఈ వరుసలో ఎన్నో గుంటలు తవ్వబడ్డాయి, వదిలివేయబడ్డాయి, మళ్లీ నింపబడ్డాయి. ఇటువంటి గుంట కాలనీ చేతికి వస్తే మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, గట్లు పగలగొట్టి సాగుకు మార్చడం. ఇందులో కీలకం జిప్సం కాదు, మురుగు కాలువ. ఉప్పును కరిగించి బయటకు పంపే దారి లేకుండా ఎంత జిప్సం వేసినా డబ్బు నీళ్లపాలు. సాధారణ లెక్క ప్రకారం ఒక అడుగు మట్టి గుండా ఒక అడుగు నీరు దిగిపోతే అందులోని ఉప్పులో దాదాపు 80 శాతం పోతుంది. అంటే ఎకరానికి 12 లక్షల లీటర్లకు పైగా మంచి నీరు, అది దిగిపోవడానికి దారి రెండూ కావాలి. బంకమట్టి నేలల్లో ఆ దిగడమే నెమ్మది. సముద్రపు నీటి ఉప్పులో సోడియం ఎక్కువ కనుక, ఉప్పు కడిగిన తర్వాత నేల గట్టిపడి నీరు ఇంకకుండా పోయే స్థితి వస్తుంది. జిప్సం అవసరమయ్యేది ఆ సోడియాన్ని తొలగించడానికి, అదీ పరీక్షలో తేలితేనే. జీలుగ పచ్చిరొట్టగా వేసి కలియదున్నడం, తొలి ఏళ్లలో నీరు నిలవగట్టే వరినే పెట్టడం అనుభవజ్ఞులు పాటించే క్రమం. పెన్నా కాలువ నీరు చివరి ఎకరం దాకా నమ్మకంగా అందే చోట ఈ దారిని ఎంచుకోవాలి. నీరు అందని చోట సాగు పేరుతో కుటుంబాలను అప్పుల్లోకి దింపవద్దు.

రెండోది, ఇళ్ల స్థలాలుగా మెరక చేయడం. అడుగున పేరుకున్న నల్లటి దుర్వాసన మట్టిని ముందు గీకి తీయాలి. దాని మీదే గ్రావెల్ పోస్తే నేల కుంగుతుంది. గ్రావెల్‌కు ముందు ముతక ఇసుకతోనో కంకరతోనో ఒక పొర వేయకపోతే, కింది ఉప్పునీరు మట్టి సందుల గుండా ఎగబాకి గోడల అడుగున ఇటుకను తినేస్తుంది. స్థలం బోరు నీటితో కాంక్రీటు కలపడం, తడపడం ఇక్కడ ఇళ్లను అన్నిటికంటే త్వరగా పాడుచేసే అలవాటు. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం చెబుతుంది. నీటిమట్టం పైనే ఉంటుంది కనుక మరుగుదొడ్డి గుంతలను, తాగునీటి వనరును దగ్గర దగ్గరగా పెట్టకూడదు. మెరకకు థర్మల్ కేంద్రం బూడిదను ఉచితంగా తోలిస్తామన్న మాట ఈ దశలోనే వస్తుంది. రోడ్డు కట్టకు దానికి అభ్యంతరం లేకపోవచ్చు. కానీ చేతిపంపు నీరు తాగే ఇళ్ల కింద, ఆ బూడిద నుంచి నీటిలోకి ఏం దిగుతుందో పరీక్షించకుండా, పైన మంచి మట్టి మూత లేకుండా ఒప్పుకోవద్దని నా సలహా.

మూడోది, గుంటను గుంటగానే ఉంచి కుటుంబాలే చేపలో, పీతలో పెంచుకోవడం. శుద్ధి ఖర్చు అతి తక్కువ, చేతిలో ఉన్న నైపుణ్యానికి దగ్గర. ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు, మొదటి పంట పెట్టుబడి సంఘం పేరునే జరగాలి. అవి మరొకరి చేతిలో ఉంటే, భూమి పేరుకు కాలనీది, ఆధీనం లీజుదారుది అన్న పాత కథే మళ్లీ మొదలవుతుంది. మంచి నీటి కాలువ లేని తీర గ్రామాల్లో మూడింటిలో దీనికే నా మొగ్గు.

సీసం, నూనెలు, పురుగుమందులు పడిన చిన్న స్థలాలకు లెక్క వేరు. ఇక్కడ పోటీ ప్రధానంగా తవ్వి తరలించడానికీ, మూత వేయడానికీ మధ్య. ఒక ఎకరం మీద అడుగు మందం మట్టి తీస్తే 43,560 ఘనపుటడుగులు, అంటే మనం ఇసుక కొలిచే లెక్కలో (వంద ఘనపుటడుగులు ఒక యూనిట్) దాదాపు 436 యూనిట్లు. తవ్విన మట్టి ఉబ్బుతుంది కనుక బండ్లు ఇంకా ఎక్కువే. అంతటినీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం ఏ పంచాయతీ వల్లా కాదు, కాంట్రాక్టరు దానిని రాత్రికి రాత్రి పక్క కాలువ గట్టున పోసే అవకాశమే ఎక్కువ. అందుకే ఎకరం మొత్తాన్ని ఒకే పద్ధతికి అప్పగించకుండా, దట్టంగా నమూనాలు తీసి, విషం గుమిగూడిన కొద్ది సెంట్లను మాత్రం తవ్వి తరలించి, స్వల్పంగా సోకిన మిగతా నేల మీద గుర్తుపట్టేలా రంగు వల పరిచి దాని పైన మంచి మట్టి వేయడం ఉత్తమం. రంగు వల ఎందుకంటే, పదేళ్ల తర్వాత పునాది తవ్వేవారికి పలుగు ఎక్కడ ఆపాలో తెలియాలి. నూనె, డీజిల్ మాత్రమే అయితే మట్టిని దున్ని, తడిపి, సూక్ష్మజీవులతో విరగదీయించవచ్చు. సీసం లోహం కనుక ఏ సూక్ష్మజీవీ దానిని లేకుండా చేయలేదు. మొక్కలు పెంచి లోహాలను పీల్పిస్తామని వచ్చే ప్రతిపాదనలు వినడానికి బాగుంటాయి గానీ, ఇళ్ల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల కాలానికి అవి సరిపోవు, లోహం చేరిన ఆ మొక్కలను మేకలకు అందకుండా కాపాడడం ఇంకా కష్టం.

ఈ పనులకు కూలీలుగా పిలిచేది మళ్లీ కాలనీవారినే. చేతి తొడుగులు, బూట్లు, పనిచోటే స్నానం, పని బట్టలను ఇంటికి తీసుకుపోకుండా చూడడం ఒప్పందంలో విడిగా రాయించాలి.

చెత్త దిబ్బ మీద ఇళ్లు వద్దు. లోపల మీథేన్ పుడుతూ ఉంటుంది, నేల కుంగుతూ ఉంటుంది. చెత్తను జల్లెడపట్టి పూర్తిగా తొలగించి, అడుగు మట్టిని పరీక్షించిన తర్వాతే మరో ఆలోచన. అభ్రకం దిబ్బల్లో మట్టి విషం కంటే పొడిలోని స్ఫటిక సిలికా, నీరు నిండిన లోతైన పాత గుంతలు పెద్ద ప్రమాదాలు. అక్కడ కంచె, పచ్చదనం, గుంతల పూడికతోనే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఖర్చు ఎవరిది

కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించి తెలియజేయాలి; ప్రాథమిక అంచనాకు 90 రోజులు, ఆపై వివరమైన అంచనాకు మరో 90 రోజులు గడువు; బాధ్యుడు తేలితే ఖర్చు అతనిదే, తేలకపోతే ప్రభుత్వాలది. గనులు, చెత్త దిబ్బల వల్ల కలిగిన కాలుష్యాన్ని వేరే చట్టాలకు వదిలారు, అయితే వాటిలో ఇతర ప్రమాదకర రసాయనాలు కలిసి హద్దు దాటితే ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఉప్పుదనం ఒక్కటే సమస్యగా ఉన్న గుంటకు ఈ దారి సరిపోదు, దానికి ఐటీడీఏ, వ్యవసాయ శాఖ, ఉపాధి హామీ పనులే ఆధారం. మూతబడిన పరిశ్రమ స్థలానికి మాత్రం కలెక్టరుకు అర్జీ ఇచ్చి జాబితాలో చేర్పించుకోవడమే మేలు. జాబితాలో చేరాక ఆ స్థలంలోకి రాకపోకల మీద ఆంక్షలు రావచ్చు, కనుక అక్కడ అప్పటికే నివాసం ఉన్నవారికి తాత్కాలిక వసతి ఎక్కడ ఇస్తారన్నది కూడా అదే అర్జీలో అడగాలి.

ప్రత్యామ్నాయ భూమి ఇస్తామన్న మాటను పూర్తిగా తోసిపుచ్చనవసరం లేదు. అయితే గతాన్ని గుర్తుంచుకోవాలి: 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేశాక అక్కడి యానాదులు దీవిని విడిచి రావలసి వచ్చింది. అడవి, సరస్సు మీద ఆధారపడిన వారికి ఇంటి స్థలం ఒక్కటే పునరావాసం కాదు. కనుక కొత్త చోటు నుంచి ఉప్పుటేరుకు, బడికి, శ్మశానానికి దూరం ఎంతో కొలిచి, కొత్త భూమికి కూడా మొదటి మెట్టు పరీక్ష చేయించి, పాత భూమి పట్టాను రద్దు చేసుకోకుండానే కొత్త పట్టా చేతికి వస్తేనే ఒప్పుకోవాలి. మూత వేసిన నేలనే ఎంచుకున్న పక్షంలో, ఏటా జనవరిలో వర్షాలు తగ్గాక ఆ మూత ఎక్కడ కోసుకుపోయిందో చూసి సరిచేసే బాధ్యత ఏ శాఖదో, ఆ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో శుద్ధి ఒప్పందంలోనే రాయించాలి.